సీట్లున్నాయి అక్కా

మా బావ ఏ బిల్డింగులో అడుగుపెట్టినా ముందు లిఫ్టు ఎక్కడుందో చూస్తాడు. ఆయన వ్యాపారమే అది. మా ఆఫీసు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. అందుకని ఆయన నా గదిలోకి వచ్చేసరికి ఎప్పుడూ రొప్పుతూ, ఎవరినో ఒకరిని తిట్టడానికి సిద్ధంగా ఉంటాడు. ఆ రోజూ అలాగే వచ్చాడు. కారు తాళాలు నా బల్ల మీదికి గిరాటేశాడు. ఉన్న రెండు కుర్చీల్లో మెత్తగా ఉన్నది చూసుకుని కూర్చున్నాడు. వెనకాలే మా అక్క వచ్చి రెండో కుర్చీలో కూర్చుంది.

ఈ ట్రావెల్స్ ఆఫీసు తెరిచి ఎనిమిదేళ్ళయింది. అక్క ఇందులో కాలు పెట్టడం అదే మొదటిసారి. తెరిచిన రోజు పిలిచాను, రాలేదు. రాకపోతే పోయింది, ఆ వారమే అమ్మ ఇంట్లో అందరం భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు, "టికెట్లు చింపుకునే పనికి అంత చదువు చదవాలా?" అంది. బావ పగలబడి నవ్వాడు. ఆ మాట ఇప్పటికీ నా కంట్లో నలుసులాగే ఉంది. మా ఇద్దరికీ మాటలు లేకపోలేదు. బాగున్నావా అంటే బాగున్నానంటాం. అంతకు మించి ఒక్క మాట ఎక్కువైతే ఎవరో ఒకరం ఒంటికాలి మీద లేస్తాం.

"లిఫ్టు లేని కొంపలో ఆఫీసేంటి అమ్మాయ్?" అన్నాడు బావ మొహం తుడుచుకుంటూ.

"ప్రయాణానికి ముందు గుండె ఎలా ఉందో తెలిసిపోతుంది కదా బావా. ఆ పరీక్షకి మేం డబ్బులు తీసుకోం."

పక్క బల్ల దగ్గర వీసాల పని చూసే పిన్నిగారు కిసుక్కున నవ్వారు. నిజానికి ఆవిడ నాకు ఏమీ కారు. నాకంటే పెద్దావిడ, మొదటి రోజు నుంచీ నాతో ఉన్నారు, పిన్నిగారూ అని పిలవడం అలవాటైపోయింది. బావకి ఆ నవ్వు నచ్చలేదు. గొంతు సవరించుకుని విషయంలోకి దిగాడు.

ఆయన వ్యాపారంలో పెద్ద పార్ట్‌నర్, ఆ పార్ట్‌నర్ భార్య, ఇంకో జంట కలిసి ఒక ఖరీదైన క్రూయిజ్‌కి వెళ్తున్నారు. రెండు వారాలు సముద్రం మీద. వాళ్ళు వెళ్తున్నారు కనుక బావ వెళ్ళి తీరాలి. ఓడ బయలుదేరేది మరో దేశపు రేవు నుంచి, ఆదివారం సాయంత్రం. అక్కడిదాకా విమానాలు, ఓడలో కేబిన్, భోజనాల బల్ల, అన్నీ నేను చూడాలి. కేబిన్ పార్ట్‌నర్ కేబిన్‌కి పక్కనే ఉండాలి, బాల్కనీ ఉండాలి. ఊళ్ళో ఇన్ని ఏజెన్సీలుండగా నా దగ్గరికే ఎందుకు వచ్చాడో నాకు తెలుసు. బయటివాళ్ళని ఇలా కేకలేస్తే ఊరుకోరు, మరదలైతే పడి ఉంటుంది.

తేదీ విని నేను అక్క వైపు చూశాను. అక్క నా బల్ల మీదున్న స్టాప్లర్ వైపు చూస్తోంది.

అమ్మ నాకు ఫోన్లో అంతా చెప్పింది. అక్క ఏడాదిగా, బావ ఆఫీసుకి వెళ్ళాక, డ్రైవింగ్ స్కూలుకి వెళ్తోంది. పెళ్ళికి ముందే తనకి కారు నడపడం వచ్చు. పెళ్ళయ్యాక బావ తన కారు స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు నేర్పేవాళ్ళకిచ్చే లైసెన్సు కూడా తెచ్చుకుంది. ఆ స్కూలువాళ్ళు ఆడవాళ్ళ కోసం కొత్త బ్యాచ్ పెట్టి, దానికి అక్కని ట్రైనర్‌గా తీసుకున్నారు. బ్యాచ్ మొదలయ్యేది ఓడ బయలుదేరిన మర్నాడు, సోమవారం. ఆ రోజు అక్క రాకపోతే వరసలో ఉన్న ఇంకొకామెని పెట్టుకుంటామని ముందే చెప్పారట. నలభై ఆరేళ్ళ వయసులో అక్కకి దొరికిన మొదటి ఉద్యోగం అది.

"మరి అక్క ఉద్యోగం?" అన్నాను. అడగాలని కాదు. బావ ఏమంటాడో వినాలని.

"ఉద్యోగమా?" బావ కుర్చీలో వెనక్కి వాలాడు. "రోడ్ల మీద ఎవడి కారో ఎవత్తో గుద్దుతుంటే పక్కన కూర్చుని బ్రేకులు తొక్కడం ఉద్యోగమా? రెండు వారాలు సముద్రం మీద తిప్పుకొస్తే ఆ పిచ్చి దానంతటదే వదులుతుంది."

అక్క స్టాప్లర్ మీంచి చూపు తిప్పలేదు. నాకు జాలి కలగలేదు. నిజం చెప్పాలంటే లోపల ఎక్కడో కాస్త హాయిగా అనిపించింది. ఇప్పుడు తెలిసిందా, చేసే పనిని నలుగురిలో తీసిపారేస్తే ఎలా ఉంటుందో.

"ఓడ ఎవరి కోసమూ ఆగదు బావా. మేం ఎప్పుడూ ముందు రోజే దింపుతాం," అని చెప్పి శనివారం పొద్దుటి విమానం చూపించాను.

"అంత పొద్దున్నే నేను లేవలేను," అంది అక్క.

తెల్లవారుజామునే లేచి బావకి టిఫిన్, లంచ్ సర్దిపెట్టే మనిషి! "సీట్లున్నాయి అక్కా, మధ్యాహ్నం విమానంలో కూడా," అన్నాను.

"మధ్యలో మారేచోట టైము చాలదేమో."

"దాని తర్వాతది చూస్తాను. నింపాదిగా మారొచ్చు."

"అన్ని గంటలు ఎయిర్‌పోర్టులో పడి ఉండాలా?"

బావ విసుక్కుంటూ తాళాలు అందుకున్నాడు. "మీ అక్కచెల్లెళ్ళు ఏడవండి. అన్నీ తేలాక నన్ను పిలువు, వచ్చి డబ్బు కడతాను."

"మీరిద్దరూ రావాలి బావా," అని గోడ మీది బోర్డు చూపించాను. మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఎవరి ప్రయాణం వివరాలు వాళ్ళే, ఇక్కడ కూర్చుని, పైకి చదవాలి. పేరు, పుట్టిన తేదీ, విమానం, రోజు అన్నీ చదివి, చివర 'సరే' అనాలి. అప్పుడే టికెట్ ఇస్తాం. ఒకసారి ఒకాయన ఇంటిల్లిపాది వివరాలు తనే గడగడా చెప్పేసి వాళ్ళమ్మ పుట్టిన తేదీ తప్పు చెప్పాడు. పాపం ఆ ముసలావిడ ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు మీద కూర్చుని ఏడ్చింది. ఆ రోజే ఈ బోర్డు పెట్టాం. మంత్రి వచ్చినా చదవాల్సిందే.

"ఇదేం బడా, పాఠాలు అప్పజెప్పడానికి?" అన్నాడు బావ.

"బళ్ళో అయితే తప్పు చదివితే కొడతారు. ఇక్కడ మళ్ళీ చదవమంటాం," అన్నారు పిన్నిగారు ముద్ర కొడుతూ.

ఆ తర్వాత అక్క రోజూ ఫోను చేయడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ళలో చేసినన్ని ఫోన్లు ఆ పది రోజుల్లో చేసింది. కేబిన్ కింద ఇంజను చప్పుడు వినిపిస్తుందేమో అంది. ఓడ మ్యాపు ముందేసుకుని, ఇంజను గదికి దూరంగా ఉన్న వరస చూపించాను. ఆ వరస లిఫ్టుల పక్కనే ఉంది, జనం తిరుగుతుంటే నిద్ర పట్టదు అంది. లిఫ్టులాయన పెళ్ళానికి లిఫ్టు చప్పుడు పడదా అని నోటిదాకా వచ్చింది, మింగేసి ఇంకొకటి చూపించాను. రాత్రి భోజనం రెండో పంక్తి అయితే ఆలస్యమవుతుంది, తనకి అరగదు అంది. మొదటి పంక్తిలో, పార్ట్‌నర్ కుటుంబం కూర్చునే బల్ల దగ్గరే, కిటికీ పక్కన చోటు ఇప్పించాను. అందుకోసం ఓడ కంపెనీ వాళ్ళతో గంటసేపు గొంతు చించుకున్నాను.

"ఓడలో కడుపులో తిప్పుతుందేమో," అంది చివరికి.

"ఓడకి నట్టనడుమ, కింది డెక్కులో ఊపు తక్కువ. సీట్లు... అదే, కేబిన్లు ఉన్నాయి. పార్ట్‌నర్‌ని కూడా కిందికి దిగమని బావ అడిగి ఒప్పించాడు. మాత్రలు కూడా నేనే కొనిస్తాను."

"నీకు ఇంత ఓపిక ఎప్పుడొచ్చింది?" అంది.

"టికెట్లు చింపుకునేవాళ్ళకి ఓపిక ఉండాలక్కా."

ఫోను టక్కున పెట్టేసింది. నేను ఆ రోజంతా ఈల వేసుకుంటూ పని చేశాను. పిన్నిగారు కళ్ళజోడు ముక్కు మీదికి దించి నన్ను చూశారు. "ఎంత కక్ష ఉంటే మాత్రం, మనిషి అంత కష్టపడి పని చేస్తుందా?" అన్నారు. ఆవిడకి ఎప్పుడో అర్థమైంది. నాకు ఇంకా కాలేదు. డబ్బున్న ఇంటి కోడలు, నన్ను ఊరికే కాల్చుకు తినడానికి ఇవన్నీ అడుగుతోందనే అనుకుంటున్నాను.

అర్థమైంది పాస్‌పోర్టుల రోజున. బావకి తీరిక లేదని అక్క ఒక్కతే వచ్చి రెండు పాస్‌పోర్టులూ బల్ల మీద పెట్టింది. తనది తెరిచాను. గడువు దగ్గర పడింది. తిరిగి వచ్చే నాటికి ఇంకా ఆరు నెలలు మిగిలి ఉండాలి, లేకపోతే ఆ రేవులో దిగనివ్వరు. తనకి అంత లేదు.

"ఇది చెల్లదు," అన్నాను.

"అయ్యో, అయితే కుదరదన్నమాట," అంది అక్క.

మాట అయ్యోదే గాని, ముఖం అయ్యోది కాదు. కుర్చీ అంచున కూర్చున్న మనిషి వెనక్కి జారగిలబడింది. హ్యాండ్‌బ్యాగు మీద బిగించిన వేళ్ళు వదులయ్యాయి. వచ్చిన దగ్గర్నుంచీ తాగకుండా వదిలేసిన కాఫీ కప్పు అందుకుని ఒక గుక్క తాగింది. పాస్‌పోర్టు సంగతి తనకి ముందే తెలుసు. తెలిసే మొదటి రోజు నోరు మూసుకుని కూర్చుంది. మిగతావన్నీ అందాకా కాలక్షేపం.

అప్పుడు తెలిసింది నాకు. ఈ మనిషికి కావలసింది పొద్దుటి విమానమూ కాదు, మధ్యాహ్నం విమానమూ కాదు. సీట్లు లేవని నేను ఒక్క మాట అంటే చాలు. మొగుడితో తను ఏమీ చెప్పక్కర్లేదు. నేరం నా మీద పడుతుంది, బావ నన్ను నాలుగు తిడతాడు, అక్క సోమవారం ఉద్యోగానికి వెళ్తుంది. ఆ ఒక్క మాట కోసం ఇన్ని రోజులుగా నా చుట్టూ తిరుగుతోంది. అడగదు మాత్రం. చెల్లీ, నాకీ సాయం చెయ్యవే అని మాత్రం అనదు.

ఒళ్ళు మండిపోయింది. నాతో అబద్ధం చెప్పించుకోవాలంటే ముందు తన నోటితో నిజం చెప్పనీ.

"కంగారు పడకక్కా," అన్నాను. "కొత్తది వారంలో వచ్చేస్తుంది. పిన్నిగారు ఉన్నారుగా. కింద స్టూడియోలో ఫొటో దిగు."

కప్పు సగంలోనే కిందికి దిగింది. అక్క నన్ను చూసిన చూపు నేను మర్చిపోను. చిన్నప్పుడు నేను తన రిబ్బను కత్తిరించిన రోజున అలా చూసింది.

"పని బాగానే వచ్చు నీకు," అంది.

"ఇంకేమైనా చెప్పాలా?"

"ఏముంది చెప్పడానికి?"

"వెళ్ళడం ఇష్టం లేదని బావకి చెప్పలేక, నా చేత చెప్పించాలని చూస్తున్నావు. అవునా, కాదా?"

"నిన్నేమైనా అడిగానా?"

"అడగవు. అదే నా కడుపుమంట. ఎనిమిదేళ్ళ తర్వాత నా ఆఫీసు మెట్లెక్కావు. ఎక్కి కూడా బెట్టు వదలవు."

"నీకు చెప్పుకునేంత గతిలేనిదాన్ని కాను నేను," అంటూ లేచింది.

"సరే అయితే. ఓడలో నాకోసం గవ్వలు ఏరుకురా."

తలుపు ధడాలున పడింది. ఫొటో మాత్రం దిగి వెళ్ళింది. దానిలో అచ్చం పోలీసులకి దొరికిన మనిషిలా ఉంది.

పిన్నిగారు ఆ ఫొటోని క్లిప్పుకి తగిలిస్తూ, "సీట్లు అయిపోయాయని ఒక్క ముక్క అనెయ్యొచ్చు కదమ్మా," అన్నారు.

"ఇరవై ఏళ్ళుగా ఆవిడ తరఫున అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. నేను కూడా మాట్లాడితే ఆవిడకి నోరెందుకు?"

అన్నానే గాని, అందులో సగమే నిజం. మిగతా సగం కక్షే. పాస్‌పోర్టు వచ్చేదాకా కేబిన్ ఎవరికీ ఇవ్వొద్దని ఓడ కంపెనీ వాళ్ళని కాళ్ళావేళ్ళా పడి బతిమాలాను. వాళ్ళు ప్రయాణానికి వారం ముందు వచ్చే శుక్రవారం సాయంత్రం వరకు గడువిచ్చారు. ఆ లోపల టికెట్ ఇచ్చేయాలి. పాస్‌పోర్టు ముందు రోజే వచ్చింది.

ఆ శుక్రవారం పొద్దున అమ్మ ఫోను చేసింది. "నిన్న మీ అక్క ఇక్కడికొచ్చి ఒకటే ఏడుపు. ఆ స్కూలువాళ్ళు నేర్పే కారు మీద దాని పేరు కూడా రాయించారట. నువ్వైనా ఏదో ఒకటి చెప్పి ఆపకూడదా?"

"ఏడిస్తే నా దగ్గర ఏడవమను."

"నీ దగ్గర ఏడవదే. నువ్వు తన చెల్లెలివి."

"అందుకే నేను కూడా ఆపను," అన్నాను. ఫోను పెట్టేశాక చాలాసేపు ఏ పనీ సాగలేదు. కారు మీద పేరు రాయించారన్న మాట నన్ను వదల్లేదు. నా ఆఫీసు బోర్డు మీద నా పేరు రాస్తున్నప్పుడు నేను రోడ్డుకి అటువైపు నిలబడి, ఆ రాసేవాడు వెళ్ళిపోయేదాకా చూస్తూ ఉండిపోయాను. అక్క కూడా ఎక్కడో నిలబడి చూసే ఉంటుంది.

మధ్యాహ్నానికి నేను దిగొచ్చాను. ఓడిపోతే ఓడిపోయాను అనుకున్నాను. వచ్చాక అక్క నా వైపు ఒక్కసారి చూస్తే చాలు, అడగక్కర్లేదు, చూస్తే చాలు. సారీ బావా, ఇప్పుడే సీట్లు పోయాయి అనేస్తాను. తిట్లు తింటాను.

వాళ్ళిద్దరూ వచ్చారు. బావ రొప్పుతూ తాళాలు గిరాటేశాడు, బిల్డింగు ఓనర్ని తిట్టాడు, మెత్తటి కుర్చీలో కూర్చున్నాడు. అక్క తిన్నగా కూర్చుంది. ఒడిలో చేతులు. నా వైపు చూడలేదు. స్టాప్లర్ వైపు కూడా చూడలేదు. ఎదురుగా గోడ మీదున్న బోర్డు చదువుతోంది.

"కానీ, కానీ. అవతల పార్ట్‌నర్ కాచుకుని ఉన్నాడు," అన్నాడు బావ.

ఆయన కాగితం ఆయనకిచ్చాను. రైల్వే అనౌన్స్‌మెంటులా గడగడా చదివి, పుట్టిన సంవత్సరం దగ్గర గొంతు తగ్గించి, "సరే, సరే" అని నా మీదికి తోశాడు. రెండో కాగితం అక్కకి ఇవ్వడానికి నా చెయ్యి రాలేదు. మౌసు మీద వేలు పెట్టి, అబద్ధం కోసం నోరు తెరిచాను.

"బావా, ఒక చిన్న..."

అక్క ఆ కాగితం నా చేతిలోంచి లాక్కుంది.

చదవడం మొదలుపెట్టింది. పేరు చదివింది. పుట్టిన తేదీ చదివింది, గొంతు తగ్గించకుండా. శనివారం మధ్యాహ్నం విమానం, మారేచోటు, దిగే ఊరు. ఆదివారం రేవు. కింది డెక్కు, నట్టనడుమ, బాల్కనీ కేబిన్. మొదటి పంక్తి భోజనం, కిటికీ పక్కన. నేను ఒక్కొక్కటీ ఎంత పంతంతో సాధించానో, అంత నింపాదిగా చదువుతోంది. ఒక్క అక్షరం మింగలేదు. అయిపోయింది, సరే అనబోతోంది, అంతా నా నిర్వాకమే అనుకున్నాను. బావ ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు.

అక్క కాగితం బల్ల మీద పెట్టి, నా వైపు తిప్పింది.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి," అంది. "మనిషే వెళ్ళదు."

బావ ఫోనులోంచి తల ఎత్తాడు. "ఏంటీ?"

"నేను వెళ్ళను అన్నాను. ఆ సోమవారం నాకు డ్యూటీ ఉంది."

బావ గుడ్లురుముతూ అక్క మీదికి కాదు, నా మీదికి తిరిగాడు. "నువ్వే నూరిపోశావు దీనికి! ఇక్కడికి రావడమే నాది బుద్ధితక్కువ!"

"నేను నూరిపోసింది ఒక్కటే బావా, సీట్లున్నాయని. కావాలంటే అక్కనే అడగండి."

"పాస్‌పోర్టు కూడా వారంలో తెప్పించాం," అన్నారు పిన్నిగారు, ఎవరూ అడక్కపోయినా.

"చెల్లిని తిట్టకండి," అంది అక్క. "నేను ఒక్కో వంక పెడుతూ పోయాను. అన్నీ తీర్చేసింది, మిగల్చలేదు. ఇంక వంకలు లేవు. అందుకే చెబుతున్నాను."

"పార్ట్‌నర్‌కి ఏం చెప్పమంటావే? నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ఉన్నదే చెప్పండి. మా ఆవిడకి పని ఉందని చెప్పండి."

"నవ్వుతారు!"

"నవ్వనివ్వండి. నడిరోడ్డు మీద ఇంజను ఆగిపోతే నేర్చుకునేవాళ్ళని చూసి రోడ్డంతా నవ్వుతుంది. మళ్ళీ స్టార్టు చేస్తాం, పోతాం."

బావ ఫోను జేబులో కుక్కుకున్నాడు. ఊరుకుని ఉండాల్సింది. నేను ఊరుకునే రకం కాదు. "ఒక్కరికే మార్చమంటారా బావా? అర నిమిషం పని. ఒక్కడినే వెళ్తానని మీ నోటితో చెప్పాలి, అంతే."

"నోర్ముయ్!" అని కుర్చీ తన్ని లేచాడు. వెళ్తూ వెళ్తూ అక్కతో, "నువ్వు ఇంటికి రా, చెబుతాను," అన్నాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు కిందిదాకా వినిపించింది.

పిన్నిగారు, కడిగి ఉన్న కప్పులే మళ్ళీ కడగడానికి తీసుకుని లోపలికి వెళ్ళారు.

అక్క కుర్చీ నా బల్లకి దగ్గరగా లాక్కుంది. "సీట్లు లేవని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేదే?"

"ఇప్పుడు అనబోయాను. నువ్వే అననివ్వలేదు."

"ఇప్పుడా! ఇన్ని రోజులు నన్ను ఉడికించి, ఇప్పుడా!"

"ఒక్కసారి అడిగి ఉంటే మొదటి రోజే అనేదాన్ని."

"నిన్ను అడగడమా?"

"అదే కదా."

అక్క కళ్ళు ఎర్రబడ్డాయి. ముక్కు చీదుకుని, రుమాలు మడిచి బ్యాగులో పెట్టుకుంది. "అమ్మ ఇంట్లో ఆ రోజు నేనన్న మాట గుర్తుందా నీకు?"

"ఉంది."

"నాకూ ఉంది," అంది. తప్పయిందనలేదు. నేను ఫరవాలేదనలేదు. నాకు కోపం తగ్గలేదు, కానీ అంత కోపంలోనూ ఏడుపు ముంచుకొచ్చింది. లేచి కిటికీ తెరిచే మిషతో అటు తిరిగాను.

అక్క ఫోను మోగింది. బావ అరుపు నాకు కూడా వినిపించింది. "తాళాలు పైనే ఉండిపోయాయి! తీసుకురా!"

బల్ల మీదున్న తాళాలని మేమిద్దరం ఒకేసారి చూశాం. మళ్ళీ ఆ మెట్లెక్కి ఆయన రాడు, చచ్చినా రాడు.

"తెస్తున్నా," అంది అక్క. తాళాలు తీసుకుని, ఒకసారి అరచేతిలో తిప్పి చూసి, నాతో వెళ్ళొస్తానని కూడా అనకుండా తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. ఈసారి తలుపు ధడాలుమనలేదు.

కిటికీలోంచి కింది ఇరుకు వీధి కనిపిస్తుంది. కారు రోడ్డు అంచుకి ఆపి ఉంది. బావ డ్రైవరు వైపు తలుపు దగ్గర నిలబడి, ఇటు తే అన్నట్టు చెయ్యి చాపి ఉన్నాడు. అక్క గేటు దాటి వచ్చింది. ఆ చేతిలో తాళాలు పెట్టలేదు. దూరం నుంచే కారు తలుపులు తెరిచింది, ఆయన్ని తప్పించుకుని డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. బావ ఏదో అరిచాడు. అద్దం మీద కొట్టాడు. అక్క సీటు ముందుకి జరుపుకుంటోంది. ఆయన కాళ్ళకి సరిపోయేలా వెనక్కి ఉన్న సీటు అది, చాలా దూరం జరపాల్సొచ్చింది. బెల్టు పెట్టుకుంది. వెనక వచ్చేవి చూపించే అద్దం కాస్త కిందికి వంచింది, పక్క అద్దాలు రెండూ చూసుకుంది. ఇంజను స్టార్టయింది.

వెనక ఒక వ్యాను వచ్చి హారన్ కొట్టింది. ఇంకో కారు దానికి తోడయింది. ఎదురు షాపులోంచి ఇద్దరు బయటికొచ్చి చూస్తున్నారు. బావ వాళ్ళని చూశాడు, మా కిటికీ వైపు చూశాడు. నేను తప్పుకోలేదు. ఆయన చొక్కా సర్దుకుని, కారు ముందు నుంచి చుట్టూ తిరిగి, అవతలి తలుపు తీసి కూర్చున్నాడు.

కారు కదల్లేదు. అక్క ఆయన వైపు తిరిగి ఏదో అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. హారన్లు ఎక్కువయ్యాయి. అక్క స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, తొందరేమీ లేనట్టు కూర్చుంది. అలా చాలాసేపు గడిచింది. చివరికి బావ చెయ్యి వెనక్కి వెళ్ళి, బెల్టు లాగి పెట్టుకోవడం కనిపించింది.

అక్క వెనక్కి తిరిగి రోడ్డు చూసింది, ఇండికేటర్ వేసి బండి తీసింది.